మా చిట్టిని బతికించిన వాళ్లకు

ఎలుకల మందు తిన్న మా కుక్క చిట్టి గండం గట్టెక్కింది. విరుగుడు మాత్రలు ఆపిన 48 గంటలకు చేసిన పరీక్షలో రక్తం మామూలుగానే గడ్డకడుతోందని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట వినేదాకా ఎవరికీ ధన్యవాదాలు చెప్పడానికి నోరు రాలేదు. పేర్లు రాస్తే మొహమాటపడే మనుషులు, అందుకని పేర్లు లేకుండానే రాస్తున్నాను.

అందరికన్నా ముందు పక్కింటి పిన్నిగారికి. మెట్ల కింద ఎలుకల కోసం పెట్టిన బిళ్లను చిట్టి నమిలేసిందని తెలిసి మేమంతా కంగారుపడుతుంటే, ఆవిడ తిన్నగా చెత్తబుట్ట దగ్గరికి వెళ్లి ఆ మందు అట్టపెట్టె ఏరి తెచ్చారు. దాని మీద బ్రోమడయొలోన్ అని ఉంది. ఎలుకల మందు అని అన్నిటినీ కలిపి అనేస్తాం గానీ, ఇది రక్తం గడ్డకట్టనివ్వని రకం. తిన్న కుక్క రెండు మూడు రోజులు హాయిగా తిరుగుతుంది, ఆ తర్వాత చిగుళ్లు పాలిపోయి, ఆయాసం వచ్చి, లోలోపల రక్తం కారుతుంది. అదే జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లపొడి అయితే కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు పుడుతుంది, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, దానికి విరుగుడు లేదు. అంటే ఆ అట్టముక్క లేకపోతే డాక్టరుగారు చీకట్లో వెతుక్కోవలసి వచ్చేది.

ఆ డాక్టరుగారు రాత్రిపూట మొదటి రింగుకే ఫోను ఎత్తారు. ఇంట్లో అప్పటికే ఒకరు ఉప్పునీళ్లు కలుపుతున్నారు, మరొకరు పాలగిన్నె పట్టుకున్నారు. రెండూ వద్దన్నారు. ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుందట, పాలు ఈ మందుకు విరుగుడు కావట. వాంతి చేయించడం ఆసుపత్రిలో తన పని అనీ, మింగిన రెండు గంటల్లోపు తెస్తే మేలనీ చెప్పారు. కిరోసిన్, యాసిడ్ లాంటివి తాగితే అసలు వాంతి చేయించకూడదన్న సంగతి కూడా ఆయన దగ్గరే విన్నాను. మా మాటలతో ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

దారిలో చిట్టి సీటు పాడుచేసినా ఆటో అతను ఒక్క మాట అనలేదు. మరుసటి రోజు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు కూడా.

అసలు తిప్పలు విరుగుడు దగ్గర వచ్చాయి. కావలసింది విటమిన్ కె1. చాలా షాపుల్లో కె3 చేతిలో పెట్టి "రెండూ ఒకటేనండీ" అన్నారు. ఒకటి కాదు, ఈ విషానికి కె3 పనిచేయదు. చివరికి ప్రసూతి ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో దొరికింది. పుట్టిన పిల్లలకు వేసేది ఇదే కాబట్టి అక్కడ ఎప్పుడూ ఉంటుందట. షట్టరు సగం దించేసిన ఆ పెద్దమనిషి మళ్లీ ఎత్తి, కె1 అన్న అక్షరాలు నాకు చూపించి మరీ ఇచ్చారు.

తర్వాత వారాల తరబడి మాత్రలు. కొవ్వున్న తిండితో ఇస్తే బాగా ఒంటబడుతుందన్నారు కాబట్టి రోజూ నెయ్యి కలిపిన అన్నం ముద్దలో పెట్టాం. చిట్టికి ఇప్పుడు నెయ్యి లేని ముద్ద నచ్చడం లేదు.

మీలో ఎవరికైనా కె1 అవసరం పడితే నాకు ఏ వేళలోనైనా ఫోను చేయండి, ఆ షాపుకు దారి చెబుతాను.