ఎడ్ల పందేల్లో జోడీల విభజనపై పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మహారాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

గడ్చిరోలి జిల్లా సిరోంచా తాలూకాలో సేద్యం చేసుకునే తెలుగు రైతుగా నమస్కరించి రాస్తున్నాను. 2014 మే 7న సుప్రీంకోర్టు తీర్పుతో ఆగిపోయిన ఎడ్లబండి పందేలు 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు అనుమతించడంతో మళ్లీ మొదలయ్యాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఈ పందేలను అనుమతించే మన రాష్ట్ర సవరణ చట్టాన్ని సమర్థించాక నిలదొక్కుకున్నాయి. ఎడ్లను హింసించరాదన్న నిబంధనల్లో ఒక్కదాన్ని కూడా సడలించమని నేను కోరడం లేదు. ఏ జోడీ ఏ జోడీతో తలపడాలో తేల్చే నియమం ఒకటి కావాలన్నదే నా విన్నపం.

శంకర్‌పట్ అనే మా ప్రాంతపు ఎడ్ల పందెంలో, పందేనికని కొని, పందేనికని మేపి, ఊరూరా తిప్పే జోడీ ఒక బాటలో పరుగెడుతుంటే, నిన్నటిదాకా నాగలి లాగిన ఎడ్లు పక్క బాటలో ఉంటాయి. కొన్నిచోట్ల నిర్వాహకులు స్థానిక రైతులకు వేరే గట్ (విభాగం) పెడుతున్నారు, సంతోషమే. కానీ అందులోకి ఎవరు రావచ్చన్నది నోటిమాట మీదే నడుస్తోంది. మాకు దగ్గర్లోని ఒక పందెంలో రైతుల గట్‌లో బహుమతి పట్టుకెళ్లిన జోడీ, అంతకుముందే మరోచోట పెద్ద గట్‌లో గెలిచినదని చూసినవాళ్లందరికీ తెలుసు. అడిగితే యజమాని మారాడన్నారు. యజమాని మారితే ఎడ్ల కాళ్లు మారతాయా?

ఇంగ్లండ్‌లోని ఎయిన్‌ట్రీలో గుర్రాలు అడ్డంకులు దూకుతూ పరుగెత్తే గ్రాండ్ నేషనల్ పందెం ఉంది. అక్కడ గత ఫలితాలను బట్టి ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఇస్తారు. రేటింగ్‌లో ఒక అంకె పెరిగితే ఒక పౌండు బరువు అదనంగా మోయాలి. ఏడేళ్ల లోపు గుర్రానికి ప్రవేశం లేదు. 2024 నుంచి కనీస రేటింగ్‌ను 125 నుంచి 130కి పెంచి, బరిలో దిగే గుర్రాలను 40 నుంచి 34కి తగ్గించారు. అక్కడా వివాదాలున్నాయి. 2018, 2019లలో వరసగా గెలిచిన టైగర్ రోల్‌కు 2021లో కేటాయించిన బరువు న్యాయంగా లేదని యజమానులు దాన్ని ఆ పందెం నుంచి తప్పించారు. అయితే ఆ బరువెంతో ముందే ప్రకటించారు కాబట్టి, వాళ్ల అభ్యంతరం సబబో కాదో జనం తూకం వేసుకోగలిగారు. మన దగ్గర అభ్యంతరం చెప్పడానికి కూడా ఏ అంకే లేదు.

బలమైన ఎడ్ల మీద బరువు మోపాలని నేను అనను. అది దయ లేని పని. మాకు ఎద్దు వయసు తెలిపే పళ్ల లెక్క చాలు. నదికి అవతల మా చుట్టాల ఊళ్లలో బండలాగుడు పోటీలకు రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. పశువైద్యుడు ఆరోగ్య పరీక్షకు వచ్చినప్పుడే కింది పెదవి దించి చూస్తే సరిపోతుంది. పాలపళ్లు చిన్నగా, సన్నగా ఉంటాయి. వాటి మధ్య కొత్తగా వచ్చిన పళ్లు పలకల్లా వెడల్పుగా కనబడతాయి. ఆ కొత్త పళ్ల లెక్కను ఆరోగ్య ధ్రువపత్రం మీదే రాయించాలి.

గెలుపులను మాత్రం యజమాని పేరు మీద కాకుండా, ఎద్దు చెవికి వేసే 12 అంకెల ట్యాగు మీద నమోదు చేయించండి. పెద్ద గట్‌లో గెలిచిన ఎద్దు ఎవరి చేతికి మారినా రైతుల గట్‌లోకి రాకూడదు. కలెక్టరు అనుమతి ఇచ్చేటప్పుడే ఈ జాబితాను గ్రామ పంచాయతీ దగ్గర అతికించాలని షరతు పెట్టవచ్చు. మా తాలూకాలో మరాఠీ చదవలేని రైతులు చాలామంది ఉన్నారు కనుక, ఆ జాబితానూ నియమాలనూ తెలుగులో కూడా ఇప్పించమని ప్రార్థన.

రాబోయే సంక్రాంతి పందేలకు అనుమతులు మొదలయ్యేలోగా ఈ ఉత్తర్వు వెలువరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
సిరోంచా తాలూకా రైతు