మంత్రి గారూ, చీలమండ దగ్గర కూడా బీపీ చూడమనండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా నాన్న రెండేళ్ల పాటు కాస్త నడవగానే పిక్క పట్టేసిందని ఆగిపోయేవారు, రెండు నిమిషాలు నిలబడితే తగ్గేది, మళ్లీ నడిచేవారు. వయసు కదా అనుకున్నాం, చూసిన డాక్టరూ అదే అన్నారు. చివరికి బొటనవేలి మీద పుండు ఎంతకీ మానకపోతే అప్పుడు బయటపడింది, కాలి రక్తనాళం పూడుకుపోయిందని.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద స్కానింగ్ అక్కర్లేదండీ. మనిషిని పడుకోబెట్టి, చేతులకీ చీలమండలకీ బీపీ పట్టీ కట్టి, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పరికరంతో వింటూ బీపీలో పై అంకె రాసుకుని, కాలి అంకెను చేతి అంకెతో భాగించడమే. 0.9 లేదా అంతకన్నా తక్కువైతే నాళం సన్నబడిందని అర్థం. 1.4 దాటినా సంతోషించకూడదు, షుగర్ ఉన్నవాళ్లకి నాళాలు గట్టిపడి అలా వస్తుంటుంది. చాలామందికి నొప్పే ఉండదు, కానీ గుండెపోటు, పక్షవాతం ముప్పు మాత్రం పెరిగిపోయి ఉంటుంది.

అందరికీ చేయమనట్లేదు. షుగర్ ఉన్నవాళ్లకి, పొగతాగేవాళ్లకి, 65 దాటినవాళ్లకి చేయించండి, నర్సులకి నేర్పించండి. డాప్లర్లు వచ్చేలోపు కనీసం చెప్పులు విప్పించి పాదం మీద నాడి చూడమని ఒక ఆర్డర్ ఇవ్వండి. మా నాన్న చెప్పులు ఆ రెండేళ్లలో ఎవరూ విప్పించలేదు.