కాలువలకు లాకులే ప్రాణం

సంపాదకులకు నమస్కారం.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలతోపాటు గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్ని కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అప్పట్లో మొత్తం 1,078 కిలోమీటర్లు. ఆ మాట ఎత్తినప్పుడల్లా పూడికతీత, జెట్టీలు, బార్జీల (చదునైన పెద్ద సరుకు పడవల) గురించే వింటున్నాం. నీటిమట్టం మారే చోట పడవను పైకి, కిందికి చేర్చే తలుపుల గదులైన లాకుల ఊసెత్తేవారు లేరు. అవి పనిచేయకుండా ఎంత తవ్వినా సరుకు పడవ ముందుకు సాగదు.

వేసవిలో ఇసుక మేటల మధ్య గోదావరిలో బరువు పడవ నడవాలంటే నీటిని నిలబెట్టే కట్టడం కావాలి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిమట్టాన్ని పెంచి కాలువలకు మళ్లించింది. కాలువ సముద్రం వైపు పల్లానికి దిగుతుంది. ఒకే వాలుగా వదిలేస్తే నీరు ఉరుకుతుంది, లోతు నిలవదు, పడవ ఎదురెక్కలేదు. అందుకే కాలువను మెట్లుగా విడగొట్టి, మెట్టు మారే చోట లాకు కట్టారు.

లాకు తలుపులను దగ్గర నుంచి చూస్తే ఆ పనితనం తెలుస్తుంది. రెండు రెక్కలు ఎగువ వైపు కోణంగా కలుస్తాయి. నీరు ఎంత తోస్తే అంత బిగుసుకుంటాయి. పడవ గదిలోకి రాగానే దిగువ తలుపులు మూసి ఎగువ తూములు ఎత్తితే చాలు, నీరు నిండే కొద్దీ పడవ పైకి లేస్తుంది. పంపులతో పనిలేదు. పడవల కోసం సాగునీరు వృథా అవుతుందనే భయమూ అక్కర్లేదు. గదిలోంచి వదిలిన నీరు కింది కాలువలోకే, అంటే కింది ఆయకట్టుకే చేరుతుంది.

అమెరికాలో మిసిసిపీ ఎగువ భాగంలో 9 అడుగుల లోతు నిలపాలని 1930లో నిర్ణయించి, ఆనకట్టలతో, లాకులతో నదినే మెట్లుగా మార్చారు. నేటికీ ధాన్యం ఆ దారిన బార్జీల్లో వెళుతోంది. మన ధాన్యం, ఇటుక, కంకర మాత్రం లారీల్లో రోడ్లను గుల్ల చేస్తున్నాయి.

ఇక్కడ తలుపులు ఊడిన లాకులను, గుర్రపుడెక్క కమ్మేసిన గదులను చూస్తే కడుపు మండుతుంది. కాలువల ఆధునికీకరణ పేరుతో లాకు గదిని పూడ్చి, నీటి పారకాన్ని అదుపు చేసే రెగ్యులేటరు ఒక్కటే మిగిల్చినా, పడవ పట్టనంత కిందికి వంతెన వేసినా ఆ దారి అక్కడితో మూసుకుపోయినట్టే.

జలవనరుల శాఖ వచ్చే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ప్రతి లాకునూ పరిశీలించి, ఏది బాగుచేయదగినదో జాబితా ప్రకటించాలి. కొత్త వంతెనల కింద పడవ పట్టేంత ఎత్తును తప్పనిసరి చేయాలి. పోలవరం ప్రాజెక్టు నమూనాలో ఎడమ గట్టున ఉన్న నౌకాయాన లాకులను ఖర్చు తగ్గింపు పేరుతో పక్కన పెట్టకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, నిడదవోలు