తుమ్మెద ఒల్లని సంపెంగ

బరంపురం,
లక్ష్మివారం రాత్రి

ఒరే సూరీ,

నీ ఉత్తరం అందింది. దసరాల్లో మీ పర్లాకిమిడిలో రెండు గంటలు కథ చెప్తానని ఒప్పేసుకున్నావట, బాగుంది. విషయమూ మంచిదే: ఒల్లనన్న ఆడవాళ్ళు, ఒల్లననిపించుకున్న ఆడవాళ్ళు. కానీ ఆ జాబితా ఏటిరా? అహల్య నుంచి రుద్రమ దాకా పద్దెనిమిది పేర్లు! మనిషికి ఆరు నిమిషాల చిల్లర వస్తుంది. అది హరికథ కాదు, రేషను డిపో దగ్గర పేర్లు పిలవడం. ఐదుగురిని ఉంచు. పద్మావతికి 35 నిమిషాలు, తుక్కాదేవికి 25, లక్ష్మికి 30, అంబకి 20, తరిగొండ వెంగమాంబకి 10. సరిగ్గా రెండు గంటలు. మంగళహారతి వాళ్ళనే పాడుకోమను.

ఒక్కో కథకీ ఒక్కో కాగితం తీసి మూడు ముక్కలు రాసుకో. ఎవరు ఒల్లనన్నారు? ఎవరిని? మధ్యలో ఆ పిల్లని ఎవరైనా అడిగారా? మూడో గడి ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది. అక్కడే కథకులు సొంత కవిత్వం పోసి పాడుచేస్తారు.

ముందు పద్మావతి. మీ ఊళ్ళో సగం జనం ఒడియావాళ్ళు, వాళ్ళకిది నోటికొచ్చిన కథ, కాబట్టి తప్పు చెప్తే మండపంలోనే దిద్దుతారు. గజపతి పురుషోత్తమదేవుడు 1467 నుంచి 1497 దాకా కటకం ఏలినవాడు. కంచి రాజు కూతురు పద్మావతిని పెళ్ళికి అడిగాడు. రథయాత్ర నాడు గజపతి చీపురు పడతాడని విని, ఊడ్చేవాడికి నా పిల్లనివ్వనన్నాడు కంచి రాజు. "పద్మావతి గజపతిని తిరస్కరించింది" అని నీ కాగితంలో రాశావు చూడు, అది కొట్టెయ్. తిరస్కరించింది తండ్రి. ఆవిడ నోట కథ మొత్తంలో ఒల్లననే మాట లేదు, ఒప్పుకున్నానన్న మాటా లేదు.

ఆ చీపురు సంగతి సరిగ్గా చెప్పాలి. మనవాళ్ళు రాజు చేత నడివీధి ఊడిపిస్తారు. కాదు. ఛెరా పహరా, అంటే రాజు ఊడ్చే ఆ సేవ, జరిగేది రథం మీద. దేవుళ్ళు రథాలెక్కాక రాజు పల్లకీలో వచ్చి, ఒక్కో రథమూ ఎక్కి, బంగారు పిడి చీపురుతో అరుగు ఊడుస్తాడు. గంధం నీళ్ళు చల్లుతారు, పూలు చల్లుతారు. మూడు రథాలకీ అదే వరస. చక్రాల లెక్క కూడా గుర్తుంచుకో: జగన్నాథుడి నందిఘోషకి 16, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. రాజుగారు మండపం నేలంతా ఊడ్చినట్టు చేతులాడించకు. నడుం కొంచెం వంచి, చిన్న చోటులో, నాలుగు పక్కలా తిరగాలి. దేవుడి ముందు నేను పనివాణ్ణని రాజు చెప్పుకోవడం అది. కంచి రాజుకి అదే నీచంగా కనబడింది. ఈ మెలిక జనానికి అందకపోతే తరువాతి పాతిక నిమిషాలూ వృథా.

మొదటి యుద్ధంలో గజపతి ఓడాడు. రెండోసారి దేవుళ్ళే ముందు నడిచారు, తెల్ల గుర్రం మీద బలభద్రుడు, నల్ల గుర్రం మీద జగన్నాథుడు. రంగులు తారుమారు చేశావా, పటచిత్రం ఇంట్లో ఉన్న ప్రతివాడూ నవ్వుతాడు. చిలక సరస్సు దగ్గర గొల్లమనిషి మాణిక ఇద్దరికీ పెరుగు పోసింది. డబ్బు లేదు, ఉంగరమిచ్చి వెనక వచ్చే రాజునడిగి పుచ్చుకోమన్నారు. రాజు ఉంగరం గుర్తుపట్టాడు, ఆవిడ పేరున వెలిసిన ఊరే మాణికపట్న అంటారు. ఈ ఒక్క ఘట్టం ఒడియాలో చెప్పించు. గంజాం వైపు దాసకాఠియా కథకులు ఇద్దరే వస్తారు, చేతిలో కొయ్య కాఠీలు తప్ప వాద్యముండదు. నీ చిరతలకీ వాటికీ తాళం చక్కగా కలుస్తుంది. ఎనిమిది నిమిషాలు వాళ్ళకిచ్చి నువ్వు మంచినీళ్ళు తాగు.

గెలిచాక ఘోరం మొదలవుతుంది. కసి తీరని రాజు మంత్రిని పిలిచి, ఈ పిల్లని ఒక ఊడ్చేవాడికిచ్చి చెయ్యమన్నాడు. తండ్రి చేసిన అవమానానికి శిక్ష కూతురికి! ఇక్కడ మృదంగం ఆపించు. మంత్రి ఆవిడని తన దగ్గరే ఉంచుకుని రథయాత్ర దాకా ఆగాడు. రాజు చీపురు పట్టిన క్షణంలో తీసుకొచ్చి, "ఊడ్చేవాడికిమ్మన్నారు, మీకంటే పెద్ద ఊడ్చేవాడు నాకు దొరకలేదు" అని ముందు నిలబెట్టాడు. జనం చప్పట్లు కొడతారు, కొట్టనియ్. చప్పట్లు ఆగాక ఒక్క వాక్యం చాలు: అప్పుడు కూడా ఆవిడని ఎవరూ అడగలేదు. దీని మీద ఉపన్యాసమివ్వకు.

అక్కణ్ణుంచి తుక్కాదేవికి వంతెన నువ్వు వెయ్యక్కర్లేదు, చరిత్రే వేసింది. పద్మావతి కొడుకే ప్రతాపరుద్రుడని ఆ కథ చెబుతుంది. ఆ ప్రతాపరుద్రుడి కూతురే తుక్క. నానమ్మ దక్షిణాది నుంచి ఉత్తరానికి వచ్చింది, మనవరాలు ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళింది. ఇద్దరూ యుద్ధాల వెనకాలే ప్రయాణం చేశారు. కృష్ణదేవరాయలు 1515లో కొండవీడు పట్టాడు, 1516లో సింహాచలంలో శాసనం వేయించాడు. తరువాత సంధి కుదిరింది. కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన నేల గజపతికి తిరిగి వచ్చింది, గజపతి కూతురు రాయలకి భార్య అయింది. పుస్తకాల్లో ఆవిడకి జగన్మోహిని, అన్నపూర్ణ అని వేరే పేర్లూ కనబడతాయి. నువ్వు తుక్కాదేవి అనే ఒక్క పేరే పట్టుకో, లేకపోతే ముందు వరసలో ఏ మాస్టారో లేచి వాదం పెడతాడు.

రాయలు ఆవిడని ఒల్లలేదనీ, కంభంలో ఒంటరిగా ఉండిపోయిందనీ ఐతిహ్యం. గుండ్లకమ్మ మీద రెండు కొండల మధ్య సందుకి కట్ట వేసి కట్టిన కంభం చెరువు గజపతుల ఆడపడుచు కట్టించిందేనని అక్కడివాళ్ళంటారు. దీనికి సాక్ష్యంగా తిరుమల కంచు విగ్రహాలు చూపిస్తానని రాశావు. రాయల పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి ఉన్నారు, తుక్క లేదు, అదే తిరస్కారమంటావు. ఆ వాదం నిలవదురా. ఆ విగ్రహాలు 1517వి. సంధీ పెళ్ళీ ఆ తరువాతి మాట. ఇంకా ఇంటికి రాని కోడలు విగ్రహాల్లో ఎలా ఉంటుంది?

అంతకంటే గట్టి సరుకు నీ దగ్గరే ఉంది. ఆవిడ పేరున అయిదు సంస్కృత శ్లోకాలున్నాయి, తుక్కాపంచకం. మొదటిది ఒక్కటి చాలు. అడవిలో కొత్త పూలగుత్తుల మధ్య తిరిగే తుమ్మెద గంధఫలిని, అంటే సంపెంగ మొగ్గని, మాత్రం వాసన చూడలేదు. ఆమె అందంగా లేకనా? అతనికి రసికత లేకనా? చివర మూడే మాటలు: బలీయసీ కేవలమీశ్వరేచ్ఛా. అంతా దైవేచ్ఛ. రెండు ప్రశ్నలు వేసి, రెండింటికీ జవాబు చెప్పకుండా దేవుడి మీద పెట్టేసింది. ఎంత మర్యాదగా ఎత్తిపొడిచిందో చూడు! అందుకని చివరి పాదాన్ని ఏడుస్తున్నట్టు పాడకు. నెమ్మదిగా, కనుబొమ్మ కొంచెం ఎత్తి చెప్పు.

వెంటనే తెలుగు పద్యం అందుకో. రామరాజభూషణుడి వసుచరిత్రలో ఉన్నదే, అయినా ముక్కు తిమ్మనదని లోకం చెప్పుకునేదే. అందులోనూ అదే గంధఫలి, అదే తుమ్మెద. నానా పూల వాసనలకీ మురిసే తుమ్మెద "నన్నొల్లద"ని సంపెంగ కుళ్ళిపోయి తపస్సు చేసి, ఆడదాని ముక్కై పుట్టింది. ఇప్పుడు సమస్త పరిమళాలూ దానివే. పైగా ఇటూ అటూ రెండు కళ్ళనే తుమ్మెద బారులు దాన్ని ఆనుకునే ఉంటాయి. సంస్కృతంలో సంపెంగ విధిని తలుచుకుని ఊరుకుంది, తెలుగులో పట్టుబట్టి తుమ్మెదల్నే కాపలా పెట్టుకుంది. ఈ రెండూ పక్కపక్కన వినిపిస్తే ఆ 25 నిమిషాలకీ ఇంకేమీ అక్కర్లేదు. మన గంజాం మొగలిపువ్వు సంగతి కూడా ఇక్కడే చమత్కారంగా విసరొచ్చు. బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు శివుడు దాన్ని పూజకి ఒల్లడు. మొగలి తప్పు చేసింది సరే, సంపెంగ ఏం చేసింది?

ఇక లక్ష్మి. గురువారాన్ని లక్ష్మివారం అనే మన ఉత్తరాది తెలుగువాళ్ళకి ఈ కథ సొంతింటిది. మార్గశిర లక్ష్మివారాల్లో మనం పూజ చేస్తాం, ఒడియా ఇళ్ళల్లో కొత్త ధాన్యం మాణ అనే కొలపాత్ర నిండా పోసి, వరిపిండి నీళ్ళతో గుమ్మం నుంచి పాదాల ముగ్గులు వేసి, బలరామదాసు లక్ష్మీపురాణం చదువుతారు. పదహారో శతాబ్దం కవి ఎంత ధైర్యంగా రాశాడో! శ్రియ అనే చండాల స్త్రీ వాకిలి అలికి, ముగ్గులో పద్మం వేసి దీపం పెడితే లక్ష్మి ఆ ఇంట అడుగుపెట్టింది. బలరాముడు చూశాడు, ఆవిడని గుడిలోకి రానివ్వొద్దని తమ్ముడు జగన్నాథుడికి చెప్పాడు. తమ్ముడు అన్నమాట కాదనలేకపోయాడు. లక్ష్మి నగలు తీసిచ్చేసి, పన్నెండేళ్ళు మీకు అన్నం పుట్టదని శపించి వెళ్ళిపోయింది. అన్నదమ్ములిద్దరూ ముష్టెత్తారు, దొరకలేదు. చివరికి ఒక ఇంటి ముందు నిలబడితే బియ్యమిచ్చారు గానీ పొయ్యి అంటుకోలేదు. ఆ ఇల్లు ఆవిడదే. వండిన అన్నం తిన్నాకే తెలిసింది. తిరిగి రావడానికి ఆవిడ షరతు పెట్టింది: నా క్షేత్రంలో ప్రసాదం దగ్గర కులం ఉండకూడదు.

దీన్ని భార్యాభర్తల చిలిపి తగువుగా చెయ్యకు. చిలిపి కావాలంటే దానికి వేరే చోటుంది, హేరాపంచమి. రథయాత్ర మొదలైన అయిదో నాడు లక్ష్మి పల్లకీలో స్వామి ఉన్న గుండిచా గుడికి వెళ్తుంది. తలుపు మూసేస్తారు. కోపంతో నందిఘోషలో ఒక ముక్క విరగ్గొట్టించి, పక్క సందులోంచి ఇంటికి పోతుంది. మళ్ళీ నీలాద్రిబిజె నాడు స్వామి తిరిగొస్తే ఈసారి తలుపు వేసేది ఆవిడ. ఇరుపక్షాల సేవకులూ సంవాదం నడుపుతారు, రసగుల్లాతో రాజీ అవుతుంది. పురాణకథ 22 నిమిషాలు గంభీరంగా చెప్పి, ఈ రెండు తలుపులూ చివరి 8 నిమిషాల్లో వెయ్యి. తారుమారైతే నవ్విన జనం మళ్ళీ శ్రియ వాకిటికి రారు.

అంబ విషయంలో ఒక్క జాగ్రత్త. కథ రెండు చోట్ల ఉంది, స్వయంవరం ఆదిపర్వంలో, తక్కినదంతా ఉద్యోగపర్వం చివర. ఆదిపర్వం ఒక్కటే తిరగేసినవాళ్ళు సాల్వుడి దగ్గర ఆపేస్తారు. వరస ఇది: సాల్వుణ్ణి మనసులో వరించానని భీష్ముడికి చెప్పింది, అతను పంపేశాడు, వేరేవాడు గెలిచినదాన్ని తీసుకోనని సాల్వుడన్నాడు, వ్రతం అడ్డమని భీష్ముడన్నాడు. ఆవిడ కోసం పరశురాముడు భీష్ముడితో 23 రోజులు పోరాడి ఏమీ చెయ్యలేకపోయాడు. మిగిలింది తపస్సు, చితి, శిఖండి, యుద్ధంలో పదో రోజు. అంబ మొదటే నోరు తెరిచి చెప్పింది, మూడో గడి నిండిన కథ ఇదొక్కటే అనుకో. అయినా ఇద్దరూ కాదన్నారు. నీకు శకుంతలే కావాలంటే అంబని తీసెయ్, రెండూ పట్టవు. నన్నయ శకుంతలైతే ఉంగరం తేకు, ఉంగరమూ దుర్వాసుడి శాపమూ కాళిదాసువి. నన్నయలో దుష్యంతుడికి అంతా గుర్తుంది, తెలిసే బొంకాడు. అందుకే ఆవిడ నూరు నూతుల నుంచి లెక్క మొదలుపెట్టి సత్యవాక్యం దాకా ఎక్కుతుంది.

శూర్పణఖని మాత్రం వద్దు. ఎంత జాలిగా చెప్పినా ముక్కు దగ్గరికొచ్చేసరికి వెనక వరసలు నవ్వుతాయి.

వెంగమాంబకి పది నిమిషాలు ఎందుకంటే, ఆవిడ కథలో మెలికలు లేవు. 1730లో తరిగొండలో పుట్టింది, బాలవితంతువు, జుట్టు తీయించుకోనంది. ఊరు వేధిస్తే తిరుమల చేరింది, 1817లో పోయింది. ఈ రోజుకీ ఏకాంతసేవలో ముత్యాలహారతి ఆవిడ పేరునే. ఇంతే చెప్పి హారతి వెలిగించు.

సంపెంగల సంగతి మర్చిపోయేను. గంధఫలి అంటే విచ్చిన పువ్వు కాదు, సంపెంగ మొగ్గ. ముక్కుకి పోలిక కుదిరేది మొగ్గకే. చాలామంది విచ్చిన పువ్వు పట్టుకుని పద్యం చదువుతారు, పోలిక ఎక్కడుందో జనానికి తెలీదు. ఇక్కడ పొద్దున్నే కోసిన మొగ్గలు ఓ పాతిక తడి అరిటాకులో చుట్టి బస్సు మీద పంపిస్తాను. చేత్తో నలపకు, రేకు నల్లబడుతుంది. నీడన ఉంచు, దీపాల వేడి తగలనివ్వకు, తుక్కాదేవి శ్లోకం ఎత్తుకునే ముందు ముందు వరసలో ఆడవాళ్ళ చేతికిచ్చెయ్. మాస్టార్లకి అక్కర్లేదు. ఏ తారీకో రాయి, బస్సు వేళ చూసుకోవాలి.

నీ
అప్పన్న