స్నాప్‌షాట్ టెంప్లేటులోని లోపంపై ఫిర్యాదు

విజయనగరం

కస్టమర్ సేవల విభాగం మేనేజరు గారికి,

విషయం: స్నాప్‌షాట్ నుంచి చేసిన టెంప్లేటు అన్ని వర్చువల్ మెషీన్లకూ ఒకే గుర్తింపు ఇవ్వడం గురించి.

అయ్యా,

మూడు లాంతర్ల దగ్గర మేము కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడుపుతున్నాము. ప్రతి బ్యాచ్‌కూ మెషీన్లను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసే శ్రమ తప్పుతుందనే, ఒకే కంప్యూటరులో పలు వర్చువల్ మెషీన్లను నడిపే మీ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరుకు ఏడాది లైసెన్సు తీసుకున్నాము.

కిందటి నెల ఒక ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మెషీన్‌ను సిద్ధం చేసి, స్నాప్‌షాట్ తీసి, మీ మెనూలోనే దాన్ని టెంప్లేటుగా, అంటే కొత్త మెషీన్లకు అచ్చుగా మార్చి, దాని నుంచి 18 మెషీన్లు తయారుచేశాము. ప్రాక్టికల్ పరీక్ష రోజున, బొబ్బిలి నుంచి తొలి బస్సుకు వచ్చిన ఒక అమ్మాయి డేటాబేసులో టేబుల్ తయారుచేసి, కనెక్షన్ తెగిపోతే మళ్లీ లాగిన్ అయింది. తెర మీద ఆమె టేబుల్ లేదు; పక్క కుర్రాడి ఫైళ్లు ఉన్నాయి. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంటే ఏం చెప్పాలో మాకు తోచలేదు.

వెతికితే కారణం దొరికింది. మ్యాక్ అడ్రసులు (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలు) వేరైనా, 18 మెషీన్లలోనూ మెషీన్-ఐడీ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే మెషీన్ గుర్తింపు) ఒక్కటే. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీకి (మెషీన్లకు ఐపీ అడ్రసులు పంచే ఏర్పాటుకు) ఇచ్చే గుర్తింపు ఆ ఐడీ నుంచే పుడుతుంది కనుక, మా రూటరు అన్నింటికీ ఒకే ఐపీ ఇచ్చింది; అందుకే ఆ అమ్మాయి పక్క కుర్రాడి మెషీన్‌లోకి వెళ్లింది. అంతకంటే బాధాకరమైన విషయం, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు, అంటే అది ఏ మెషీనో రుజువు చేసే కీలు, కూడా ఒకటే కావడం. కీలు వేరుగా ఉండి ఉంటే, వేరే మెషీన్‌కు వెళ్తున్నారన్న హెచ్చరిక ఆ అమ్మాయికి అక్కడే కనిపించేది.

టెంప్లేటు చేసేముందు పాత గుర్తింపులను శుభ్రం చేసుకోవలసిన బాధ్యత వాడుకరిదేనని మీ సిబ్బంది ఫోనులో చెప్పారు. మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేసి, హోస్ట్ కీలు తీసేసి, క్లౌడ్-ఇనిట్‌ను (తొలి బూట్‌లో మెషీన్‌ను అమర్చే ప్రోగ్రామును) తొలి బూట్ స్థితికి తెచ్చి, మెషీన్‌ను ఆపాకే టెంప్లేటు చేయాలని మేము ఇప్పుడు నేర్చుకున్నాము. విండోస్‌కైతే ఇదే పనికి సిస్‌ప్రెప్ అనే ప్రోగ్రాము నడపాలి. కానీ స్నాప్‌షాట్ అంటే ఉన్నది ఉన్నట్టు దాచిన నకలు. దాన్ని టెంప్లేటుగా మార్చే మీట ఇచ్చిన మీరు, అది నొక్కే చోట ఒక్క వాక్యమైనా హెచ్చరిక పెట్టకపోవడం సరి కాదు.

కాబట్టి ఆ తెర మీద హెచ్చరిక చేర్చాలని, ఈ శుభ్రపరిచే పనిని టెంప్లేటు తయారీలోనే భాగం చేయాలని, మళ్లీ పరీక్ష పెట్టడానికి మాకైన ఖర్చును లైసెన్సు రుసుములో తగ్గించాలని కోరుతున్నాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
శిక్షణ కేంద్రం నిర్వాహకుడు