దగ్గుతూ మా షాపుకి రండి

సంపాదకులు గారికి,

పోయిన నెల ఫార్మసీ కాలేజీలో చదివే ఒక అమ్మాయి మా మెడికల్ షాపుకి సర్వే ఫారం తెచ్చింది. ఫార్మసిస్టులు ఎంత నీతిగా పనిచేస్తున్నారో కొలిచే ప్రాజెక్టట. 'డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇస్తారా' అన్న ప్రశ్నకి 'ఎప్పుడూ ఇవ్వను' అని టిక్కు పెట్టాను. ఆ రాత్రే షట్టర్ దించే టైముకి మా వీధి ఆయన వచ్చి, పిల్లాడికి జ్వరం, గొంతు నొప్పి అంటే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు తీసి చేతిలో పెట్టాను. చీటీ లేదు, బిల్లు లేదు, రిజిస్టర్‌లోనూ రాయలేదు. ఇంటికెళ్లాక ఆ టిక్కు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

పన్నెండేళ్లుగా కౌంటర్లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఫారం ఇచ్చి అడిగితే మాలో ఎవరూ తప్పు సమాధానం రాయరు. రూలేంటో అందరికీ తెలుసు. కొలవాలంటే కౌంటర్ దగ్గరే కొలవాలి. ఢిల్లీ, ముంబయి, పట్నాల్లో అలా చేశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ ఇచ్చిన మనుషుల్ని రోగుల్లా 622 షాపులకి పంపారు. రెండు మూడు వారాలుగా దగ్గు, జ్వరం అని చెప్పిన 599 సార్లలో, యాంటీబయాటిక్‌గానీ స్టెరాయిడ్‌గానీ ఇవ్వకుండా డాక్టర్ దగ్గరికి పొమ్మన్నది 80 సార్లే. టీబీ ఉందని తేలిన కళ్లె పరీక్ష రిపోర్టు చూపించిన 601 సార్లలో మాత్రం 372 సార్లు సరిగ్గా చేశారు. టీబీకి మొదట వాడే మందుల్ని ఏ ఊళ్లోనూ ఒక్కరు కూడా అమ్మలేదు. అంటే జబ్బు పేరు కాగితం మీద కనబడితే మా చెయ్యి ఆగుతోంది, కనబడకపోతే స్ట్రిప్పు మీదికి పోతోంది. ఇలాంటి సంగతి ఏ ఫారంలోనూ బయటపడదు.

ఇంకో దారి కూడా ఉంది, దానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే చీటీ ఉంటేనే అమ్మాలని ప్రభుత్వం వేరే జాబితాలో పెట్టిన మందులు, అమ్మితే డాక్టర్ పేరు, అడ్రసు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామన్నది వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. నేనిచ్చిన సెఫిక్సిమ్ ఆ జాబితాలోదే. హోల్‌సేల్ నుంచి ఎన్ని స్ట్రిప్పులు కొన్నామో బిల్లుల్లో ఉంటుంది, మిగిలిన స్టాకు ర్యాకులో ఉంటుంది, రిజిస్టర్‌లో ఎన్ని ఎక్కాయో చూస్తే తేడా పూటలో తేలిపోతుంది. మా షాపులో తనిఖీకి వచ్చిన రెండుసార్లూ రిజిస్టర్ ఉందా లేదా అని చూశారు తప్ప బిల్లులతో కలిపి చూడలేదు.

గోడకి ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతూ ఆ మనిషి మాత్రం లేని షాపుల్నీ ఈ లెక్కలోకి తేవాలి. సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఇంకో ఊళ్లో ఉద్యోగం చేసుకునేవాళ్లు మా తోటివాళ్లే, ఇది రాస్తుంటే నాకు బాధగానే ఉంది. అలాగే జీతానికి పనిచేసే ఫార్మసిస్టు చీటీ లేదని ఒకర్ని వెనక్కి పంపితే ఆయన పక్క షాపుకెళ్తాడు, ఓనరు ఇక్కడ అరుస్తాడు, ఆ టెన్షన్ మాకు రోజూ ఉండేదే. అందుకే ఎంతమందికి ఇచ్చామన్నదే కాకుండా ఎంతమందిని డాక్టర్ దగ్గరికి పంపామన్నదీ లెక్కపెట్టండి. నేనైతే ఈ నెల నుంచి ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

ప్రాజెక్టులు చేసే పిల్లలకీ, వాళ్ల గైడులకీ నా మనవి ఒకటే. ఫారం పక్కన పెట్టి, చెప్పకుండా, దగ్గుతూ రండి. మా షాపుతోనే మొదలుపెట్టండి.

- ఒక ఫార్మసిస్టు, తెనాలి