పాట కింద కవి పేరు వేయండి

సంపాదకుల వారికి,

ఈస్టర్ దగ్గరపడుతుంటే క్రైస్తవ సంఘాల్లో పాటల పుస్తకాలు అచ్చుకెళ్తాయి, తెరమీదకు స్లైడ్లు తయారవుతాయి. పత్రికల ప్రత్యేక పుటల్లోనూ ఒకటో రెండో పునరుత్థాన గీతాలు వస్తాయి. వీటిలో చాలావాటి కింద రాసినవారి పేరు ఉండదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగం, తాళం, కింద కవి పేరు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) పేరు మామూలు విశ్వాసులకు కూడా తెలుసంటే అది ఆ ఒక్క వరుస చలవే. పుస్తకంలోంచి ఫోన్లోకి ఎక్కించేటప్పుడు ముందుగా వదిలేస్తున్నదీ ఆ వరుసనే.

పేరుతోపాటు పాట కట్టుబడి కూడా పోతోంది. చార్లెస్ వెస్లీ 1739లో వెలువరించిన ఈస్టర్ గీతం ‘క్రైస్ట్ ద లార్డ్ ఈజ్ రిజన్ టుడే’లో నాలుగేసి పాదాల చరణాలు పదకొండు. ఒక్కదానిలోనూ హల్లెలూయ లేదు. 1708లో కర్త పేరు లేకుండా అచ్చయిన బాణీకి అమర్చినప్పుడు పాదానికొకటి చొప్పున చేరాయి. చరణానికి నాలుగు అన్నమాట. స్లైడులో చివర ఒక్కసారే వేస్తే, కీబోర్డు హల్లెలూయ వాయిస్తుండగానే జనం రెండో పాదం ఎత్తుకుంటారు.

రాబర్ట్ లౌరీ 1874లో మాట, బాణీ రెండూ తానే కట్టిన ‘లో ఇన్ ద గ్రేవ్ హీ లే’ సంగతీ అంతే. చరణం సమాధి దగ్గర నిలబడి నెమ్మదిగా, కింది స్వరాల్లో సాగాలి. పల్లవి వేగం పుంజుకుని మెట్లెక్కినట్టు పైకి లేవాలి. పునరుత్థానం ఆ లేవడంలోనే ఉంది. రిథమ్ బాక్సు ఒకే వేగానికి పెట్టి రెండూ వాయిస్తే పాట ప్రాణం పోతుంది.

తెలుగు చేసేటప్పుడు ఇంకో చిక్కు. పాశ్చాత్య బాణీలో పాదం చివరి స్వరం తరచుగా సాగుతుంది. అక్కడ ‘లేచెను’ పెడితే ‘లేచెనూ’ అవుతుంది. ‘లేచినాడు’ పెట్టినా అంతే. సాగే స్వరం కింద దీర్ఘాక్షరం పడేలా మాట ఎంచుకోవడం అనువాదకుడి పని. అంత శ్రమపడినవారి పేరూ పాట కింద ఉండాలి.

చట్టం సంగతి. ఆరాధనలో పాడుకోవడానికి కాపీరైట్ చట్టం (1957) అడ్డు చెప్పదు. అచ్చు వేయడం, రికార్డు చేయడం వేరు. మన దేశంలో హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. 1933లో ‘హీ లివ్స్’ రాసిన ఆల్‌ఫ్రెడ్ ఆక్లీ 1960లో కన్నుమూశారు కాబట్టి ఇక్కడ 2020తో గడువు తీరింది. అమెరికాలో మాత్రం 2028 చివరిదాకా ఉంది. అక్కడి సంఘాల కోసం వీడియో పెట్టే తెలుగువారు ఇది చూసుకోవాలి. గ్లోరియా, బిల్ గేథర్‌ల ‘బికాజ్ హీ లివ్స్’ 1971 నాటిది. దాన్ని తెలుగు చేసి అచ్చు వేయాలంటే అనుమతి తప్పనిసరి. మూలానికి గడువు తీరినా తెలుగు పాఠానికి అనువాదకుడి హక్కు విడిగా ఉంటుంది.

పెద్ద ఖర్చేమీ కాదు. ఆఖరి స్లైడు అడుగున, పుస్తకంలో చివరి చరణం కింద ఒక్క వరుస చాలు. ఉదాహరణకు, ‘దైన్ బీ ద గ్లోరీ’కి: ‘ఫ్రెంచి మూలం: ఎడ్మండ్ బ్యుద్రీ, 1884, ఇంగ్లీషు: రిచర్డ్ హాయిల్, 1923, బాణీ: హాండెల్’. ఆ పక్కన తెలుగు చేసినవారి పేరు. పేరు దొరకని పాటకు ఆ చోటు ఖాళీగా ఉంచండి, ఊహించి ఎవరి పేరూ వేయకండి. సంఘంలో పాత పుస్తకాలున్న పెద్దలను అడిగితే కొన్ని దొరుకుతాయి. మీ ఈస్టర్ పుటలో వేసే పాటతోనే ఇది మొదలుపెట్టాలని మనవి.

ఇట్లు,
గాయకబృందాలకు పాటలు నేర్పే ఒక పాఠకుడు,
గుంటూరు